పార్కుల్లో, బస్టాపుల్లో పొగ వద్దని కౌన్సిల్‌ను ఒప్పించడం ఎలా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీ కౌన్సిల్ పరిధిలోని పిల్లల ఆటస్థలాలు, పార్కులు, బస్టాపుల దగ్గర ఎవరూ పొగ తాగకూడదని నిబంధన తెమ్మంటూ ఐదారుగురు కలిసి రెండుసార్లు వినతిపత్రం ఇచ్చారు. మొదటిసారి "పరిశీలిస్తాం" అన్నారు. రెండోసారి "ఆరుబయట పొగ గాల్లో కలిసిపోతుంది కదా, అయినా ఎవరు కాపలా కాస్తారు?" అన్నారు. ఇప్పుడు మూడోసారి వెళ్లాలా, లేక సంతకాల సేకరణ మొదలుపెట్టాలా అని అడుగుతున్నారు.

పదిహేనేళ్లకు పైగా ఇదే పని మీద కౌన్సిల్ మీటింగుల్లో వెనక వరసలో కూర్చున్నవాణ్ణి. గెలిచినవాటికన్నా ఓడిపోయినవే ఎక్కువ. సంతకాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీకు చెప్పిన రెండు మాటల్లో మొదటిది సాకు, రెండోది అసలు కారణం. మీరు జవాబు తయారు చేసుకోవాల్సింది రెండోదానికి.

పొగ ఒంటికి మంచిదనుకునే కౌన్సిలర్ నాకు ఇంతవరకూ తగల్లేదు. వాళ్ల టెన్షన్ వేరు. నిబంధన పెట్టాక ఎవరూ పట్టించుకోకపోతే పరువు పోతుంది. గట్టిగా అమలు చేస్తే ఓట్లు పోతాయి. మనుషుల్ని కాపలా పెడితే డబ్బు పోతుంది. మీ కాగితాల్లో ఊపిరితిత్తుల గురించి నాలుగు పేజీలుండి, ఈ మూడింటి గురించి ఒక్క ముక్కా లేకపోతే "పరిశీలిస్తాం" అనక ఏమంటారు? నేనూ మొదటిసారి అదే చేశాను. నలభై స్లైడ్లు, క్యాన్సర్ ఫొటోలు, చివర్లో ఒక ఆవేశపూరిత ప్రసంగం. అందరూ తలలూపారు, ఒకరిద్దరు వచ్చి చేయి కూడా కలిపారు. విషయం ఒక ఉపసంఘానికి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు.

అలాగని "గాల్లో కలిసిపోతుంది" అన్నమాటను వదిలేయకూడదు. అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని మీరే ముందు ఒప్పుకోండి. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరుబయట సిగరెట్ పొగను కొలిచి చూశారు. కాల్చే మనిషికి అర మీటరు దూరంలో కూర్చున్నవాళ్లకు, సిగరెట్ వెలుగుతున్నంతసేపూ, దాదాపు గదిలో ఉన్నంత పొగ తగులుతుంది. రెండు మీటర్లు దాటితే బాగా తగ్గిపోతుంది. సిగరెట్ ఆర్పగానే గాలి త్వరగా శుభ్రపడుతుంది, గదిలోలాగా గంటలకొద్దీ నిలిచి ఉండదు. కాబట్టి విశాలమైన మైదానంలో ఎక్కడో మూలన ఒకరు కాలిస్తే అందరి ప్రాణాల మీదికీ వస్తుందని మీరు వాదిస్తే, గాలి గురించి కాస్త తెలిసిన కౌన్సిలర్ ఒక్కరున్నా మీ మిగతా మాటలన్నీ తేలిపోతాయి.

కానీ అదే కొలత మీ చేతికి ఒక జాబితా ఇస్తుంది. జనం రెండు మీటర్ల లోపు ఇరుక్కుని, లేచి వెళ్లలేని చోట్లు ఏవి? బస్ షెల్టర్, టికెట్ క్యూ, పార్కు బెంచీ, భవనాల గుమ్మాలు, ఆటస్థలం చుట్టూ తల్లిదండ్రులు కూర్చునే గట్టు, స్టేడియం మెట్లు. పక్కనున్నవాళ్లు వదిలే పొగలో ప్రమాదం లేని మోతాదంటూ లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) నివేదిక తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలో 8వ అధికరణానికి 2007లో తయారైన మార్గదర్శకాలూ ఇదే మాట చెప్తాయి. ఆ మాటను మైదానానికి కాకుండా బస్ షెల్టర్‌కు వాడండి, అక్కడ దానికి బలం ఉంటుంది.

నా అనుభవంలో ఆరుబయట విషయంలో ఆరోగ్యంకన్నా బాగా పనిచేసే వాదనలు రెండున్నాయి.

ఒకటి పిల్లలు, దాంతోపాటు మానేయాలనుకుంటున్నవాళ్లు. పిల్లలకు పొగ తగలడం ఒక ఎత్తు, కనపడడం ఇంకో ఎత్తు. ఉయ్యాల పక్కన ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కాలుస్తూ ఉంటే, పెద్దయ్యాక చేసే మామూలు పనుల్లో ఇదీ ఒకటని వాళ్ల బుర్రలో పడిపోతుంది. ఇక మానేసి నెలైనవాళ్లను అడిగి చూడండి, ఎక్కడ కష్టంగా ఉందో చెప్తారు. ఇంట్లో కాదు, పక్కనెవరో వెలిగించినప్పుడు. ప్రపంచంలో పొగాకు వాడే పెద్దలు దాదాపు 125 కోట్ల మంది అనీ, వాళ్లలో 60 శాతానికి పైగా మానేయాలనే అనుకుంటున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క. కౌన్సిలర్ల మనసులో "పొగతాగేవాళ్ల ఓట్లు" అని ఒక ముద్ద ఉంటుంది. అందులో సగానికి పైగా మనవైపు రాగలవాళ్లేనని ఈ అంకె చెప్తుంది.

రెండోది కాల్చి పడేసిన సిగరెట్ పీకలు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను గెలిచిన చోట్లలో సగం పీకలే గెలిపించాయి.

సిగరెట్ ఫిల్టర్ దూది అని చాలామంది అనుకుంటారు. అది సెల్యులోజ్ ఎసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్. మట్టిలో ఏళ్లపాటు ఉంటుంది, వానకు కాలవల్లోకి కొట్టుకుపోతుంది. 2011లో శాన్ డియేగో పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, కాల్చి పడేసిన ఒక్క పీక నానిన లీటరు నీళ్లలో పరీక్షకు పెట్టిన చేపలు సగం చచ్చిపోయాయి. ఓషన్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఏటా ప్రపంచవ్యాప్తంగా తీరాలు శుభ్రం చేయించి చెత్తను లెక్కబెడుతుంది. 2019 లెక్కలో తిండి ప్యాకెట్ల కవర్లు దాటేదాకా, దశాబ్దాల పాటు మొదటి స్థానం పీకలదే. వీటిలో ఏదో ఒకటి మీ పేజీలో ఉంటే చాలు. అన్నీ పెట్టకండి.

పెట్టాల్సింది మీ సొంత లెక్క. ఒక ఆటస్థలం, ఒక బస్టాపు ఎంచుకోండి. ఒక ఆదివారం సాయంత్రం గ్లౌజులు వేసుకుని అక్కడున్న పీకలన్నీ ఏరేయండి. సరిగ్గా వారం తర్వాత, అదే వేళకు, అదే హద్దుల మధ్య మళ్లీ ఏరి లెక్కబెట్టండి. అలా నాలుగు వారాలు. తేదీ, చోటు, సంఖ్య, వాన పడిందా లేదా, ఇవి రాసుకోండి. మధ్యలో ఊడ్చేవాళ్లు వచ్చారేమో కూడా కనుక్కుని రాయండి, లేకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఏరినవి మూత బిగించిన గాజు సీసాలో వేసి మీటింగుకు తీసుకెళ్లండి. నేను ఒకసారి అలాంటి సీసాను బల్ల మీద పెట్టి, "ఇవి ఉయ్యాలల కింద నాలుగు వారాల్లో దొరికినవి" అని మాత్రం అన్నాను. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న సభ్యుడొకరు సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఇసకలో ఆడుకునే పసిపిల్లలు ఇవి నోట్లో పెట్టుకుంటారా అని అడిగాడు. ఆ ప్రశ్న మనం అడగడం వేరు, వాళ్ల నోటి నుంచే రావడం వేరు.

ఇంకో లాభం ఏమిటంటే, పీకలు ఊడ్చే ఖర్చు కౌన్సిల్‌దే. అంటే అది ఆరోగ్యశాఖ చూసుకోవాల్సిన సంగతి అని తప్పించుకునే వీలు లేకుండా వాళ్ల బడ్జెట్ విషయమే అవుతుంది.

ఇక అసలు ప్రశ్న: ఎవరు కాపలా కాస్తారు?

ఎవరూ కాయనక్కర్లేదు, కనీసం మొదటి ఏడాది. న్యూజిలాండ్‌లో చాలా కౌన్సిళ్లు తమ పార్కులకు, ఆటస్థలాలకు పొగరహిత విధానాలు పెట్టుకున్నాయి. వాటిలో ఎక్కువ భాగం జరిమానా లేనివే. బోర్డు ఉంటుంది, ప్రచారం ఉంటుంది, మిగతాది జనం ఒకరికొకరు చెప్పుకోవడమే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 2015లో రెండు కూడళ్లను స్వచ్ఛందంగా పొగరహితం చేసినప్పుడు కూడా జరిమానా లేదు. పొగ విషయంలో జనం చాలావరకు బోర్డు చూసి మానేస్తారు, ఎందుకంటే ఉయ్యాల పక్కన కాల్చేవాళ్లకే లోపల కొంచెం బెరుకు ఉంటుంది. ఆ బెరుకుకు బోర్డు ఒక ఊతం. పక్కనున్న తల్లికి కూడా "అక్కడ రాసి ఉంది చూడండి" అనే ధైర్యం వస్తుంది. బోర్డు లేకపోతే అదే మాట గొడవ అవుతుంది.

జరిమానా దారి లేదని కాదు. టోక్యోలోని చియోదా వార్డు 2002లోనే వీధుల్లో నడుస్తూ కాల్చడాన్ని నిషేధించి 2,000 యెన్‌ల జరిమానా పెట్టింది. అంతకుముందు మర్యాదగా చెప్పి చూశారు, రద్దీ వీధుల్లో అది సరిపోలేదు. న్యూయార్క్ 2011 మే నెలలో పార్కులు, బీచ్‌లు, నడిచేవాళ్లకే కేటాయించిన కూడళ్లు అన్నిటికీ ఒకేసారి నిబంధన తెచ్చింది, జరిమానా 50 డాలర్లు. అయితే వీటికి వెనక పెద్ద నగరపాలన, సిబ్బంది ఉన్నారు. చిన్న కౌన్సిల్ ముందు ఈ ఉదాహరణలు పెడితే వాళ్లకు మొదట గుర్తొచ్చేది జీతాల పద్దు. పైగా జరిమానాలు ఎక్కువగా పడేది తల దాచుకోను వేరే చోటు లేక వీధిలోనే ఉండేవాళ్ల మీద. అది నాకు మొదటినుంచీ నచ్చని సంగతి. మీ ప్రతిపాదనలో "మొదటి 12 నెలలు జరిమానా ఉండదు, ఆ తర్వాత లెక్కలు చూసి కౌన్సిలే నిర్ణయిస్తుంది" అని రాయండి. గదిలో బిగుసుకున్న భుజాలు ఆ ఒక్క వాక్యంతో దిగుతాయి.

నిబంధన అనగానే అందరూ కొత్త చట్టం అనుకుంటారు. కౌన్సిల్‌కు సాధారణంగా మూడు దారులుంటాయి, మీ చోట ఏవి ఉన్నాయో వాళ్ల న్యాయ విభాగంలో కనుక్కోండి. స్థలం కౌన్సిల్ సొంతమైతే, యజమాని హోదాలో ఒక తీర్మానంతో విధానం పెట్టుకోవచ్చు. ఇది అన్నిటికన్నా తేలిక. జరిమానా కావాలంటే బైలా, అంటే కౌన్సిల్ తన పరిధికి చేసుకునే స్థానిక చట్టం, చేయాలి, దానికి నోటీసులు, అభ్యంతరాల గడువు, పైనుంచి ఆమోదం లాంటివి ఉంటాయి కాబట్టి సమయం పడుతుంది. మూడోది చాలామందికి తట్టని దారి: అనుమతుల్లో షరతు. మైదానం అద్దెకిచ్చేటప్పుడు, ఉత్సవానికి పర్మిషన్ ఇచ్చేటప్పుడు, కాలిబాట మీద కుర్చీలు వేసుకోనిచ్చేటప్పుడు ఆ కాగితంలో ఒక వాక్యం చేర్చడమే. ఇంగ్లండ్‌లో 2020లో కాలిబాటల మీద బల్లలు వేసుకోవడానికి లైసెన్సులు సులువు చేసినప్పుడు మాంచెస్టర్, న్యూకాజిల్, డరమ్ లాంటి కౌన్సిళ్లు చేసింది ఇదే. కాలిబాట కావాలా, అక్కడ పొగ ఉండకూడదు అన్నారు. అక్కడ పాటించేలా చూసుకునే బాధ్యత లైసెన్సు తీసుకున్నవాళ్లదే.

ఏ చోట్లతో మొదలుపెట్టాలన్నది సగం విజయం. మీ జాబితాలో పిల్లల ఆటస్థలాలు, పార్కులు, బస్టాపులు మూడూ ఉన్నాయి. నేనైతే ఆటస్థలాలు, బస్ షెల్టర్లు ముందు అడుగుతాను. మొత్తం పార్కు తర్వాత. హోటళ్ల బయటి బల్లల జోలికి మొదటి విడతలో అస్సలు వెళ్లను. బ్రిటన్ ప్రభుత్వమే 2024లో పబ్బుల తోటలను కూడా పొగ నిషేధంలో కలపాలని చూసి, వ్యాపారుల గోల తట్టుకోలేక ఆ ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. బడులు, ఆటస్థలాలు, ఆసుపత్రుల బయట మాత్రం అలాగే ఉంచింది. ఫ్రాన్స్ కూడా 2025 వేసవిలో బీచ్‌లు, పార్కులు, బస్ షెల్టర్లు, బడుల చుట్టుపక్కల పొగ నిషేధించినప్పుడు కాఫీ హోటళ్ల టెర్రస్‌లను వదిలేసింది.

ఫ్రాన్స్ సంగతి మీ కౌన్సిల్‌కు ఇంకోవిధంగానూ పనికొస్తుంది. "ఇది పైప్రభుత్వం చేయాల్సిన పని" అని ఎవరో ఒకరు అంటారు, తప్పక అంటారు. ఫ్రాన్స్‌లో ఆ పని పైనుంచి మొదలు కాలేదు. 2011లో లా సియోటా అనే చిన్న తీరపట్నం ఒక బీచ్‌తో మొదలుపెట్టింది. 2012లో నీస్ నగరం ఒక బీచ్‌ను పొగరహితం చేసింది. అక్కడి క్యాన్సర్ సంఘం ఇచ్చే గుర్తింపుతో ఊరూరా అలాంటి చోట్లు వేలల్లోకి పెరిగాయి. జాతీయ నిబంధన వచ్చేసరికి జనానికి అది పాత విషయం. బార్సిలోనా కూడా 2021లో నాలుగు బీచ్‌లలో ప్రయోగం చేసి, మరుసటి ఏడు అన్నిటికీ విస్తరించింది. మిలాన్ 2021లో బస్టాపులు, పార్కులు, స్టేడియాల లాంటి చోట్లతో మొదలుపెట్టి, 2025 జనవరి నుంచి ఇతరులకు పది మీటర్ల దూరం పాటించలేని బహిరంగ స్థలమంతటికీ పెంచింది. "ప్రయోగం" అన్న పదం వాడండి. కౌన్సిలర్లు శాశ్వత నిర్ణయం అంటే భయపడతారు, ప్రయోగానికి సంతోషంగా చేయెత్తుతారు.

ఈ-సిగరెట్లను కలపాలా వద్దా అని తప్పకుండా అడుగుతారు. మిలాన్, ఫ్రాన్స్ నిబంధనలు వాటిని వదిలేశాయి. సిగరెట్ మానడానికి వాటిని వాడుతున్నవాళ్లున్నారని కొందరంటారు, అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. నా మట్టుకు ఆటస్థలాల్లో రెండూ వద్దంటాను, ఎందుకంటే అక్కడ ప్రశ్న పిల్లలు ఏం చూస్తున్నారన్నది. మిగతా చోట్ల బేరానికి సిద్ధంగా ఉంటాను. కానీ మీ బృందం ఈ విషయంలో ముందే ఒక మాట మీదికి రావాలి. మీటింగులో మీలో మీరే వాదించుకుంటే అంతే సంగతులు.

పొగతాగేవాళ్లను శత్రువులుగా మాట్లాడకండి. కౌన్సిలర్లలోనూ, మీటింగు మినిట్స్ రాసే ఉద్యోగుల్లోనూ వాళ్లుంటారు. నేను చూసిన అన్నిటికన్నా మంచి ప్రసంగం, రోజుకు పెట్టె కాల్చే ఒక తాతగారిది. "నేను మానలేకపోయాను. నా మనవరాలు ఆడుకునే చోట మాత్రం కాల్చను. బోర్డు ఉంటే నా స్నేహితులకు చెప్పడం నాకు సులువవుతుంది" అన్నాడు, కూర్చున్నాడు. మీ బృందంలోకి అలాంటివాళ్లను ఒకరిని వెతకండి. "మరి వాళ్లెక్కడికి వెళ్లాలి?" అన్న ప్రశ్నకూ జవాబు ఉండాలి. పీకల డబ్బాను గేటు పక్కన పెడితే గేటు దగ్గరే గుంపు చేరుతుంది, పిల్లలందరూ ఆ పొగలోంచే లోపలికి వెళ్లాలి. కనీసం పది మీటర్ల అవతల, కానీ దీపం వెలుగు ఉన్నచోట పెట్టమనండి. రాత్రి వేళ ఒంటరి ఆడవాళ్లను చీకటి మూలకు తోసే నిబంధన ఎవరికీ అక్కర్లేదు.

వ్యతిరేకించేవాళ్లలో ఒక్కొక్కసారి మరీ తయారుగా, మరీ మంచి కాగితం మీద అచ్చువేసుకుని వచ్చేవాళ్లుంటారు. పొగాకు కంపెనీలతో సంబంధం ఏమైనా ఉందా అని మర్యాదగా అడిగించండి. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందంలోనే 5.3 అధికరణం, పొగాకు నియంత్రణ విధానాలను ఆ పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడుకోవాలని దేశాలను కోరుతుంది. ఆధారం లేకుండా ఎవరిమీదా నింద వేయకండి, అడిగించడం వరకే.

ఇక మూడోసారి ఎలా వెళ్లాలి. మీటింగులో మాట్లాడే ఐదు నిమిషాలకన్నా, అంతకు ముందు నెలలో పార్కుల విభాగం అధికారితో గడిపే గంట విలువైనది. కౌన్సిలర్లు ఓటేసే ముందు తలతిప్పి చూసేది ఆయన వైపే. ఆయన "మాకు కుదరదు" అంటే మీ పని అయిపోయినట్టే. అందుకని ముందే అడగండి: ఎన్ని బోర్డులు కావాలి, పాతవి మార్చే పని ఎప్పుడు, ఆ దఫాలోనే ఈ గుర్తు కలిపేస్తే ఎంతవుతుంది, ఊడ్చేవాళ్లకు అక్కడ ఎంతసేపు పడుతోంది. తర్వాత వ్యతిరేక వర్గాల నుంచి ఒక్కొక్కరు చొప్పున ఇద్దరు కౌన్సిలర్లను పట్టుకోండి. ఒక్క పక్షం వాళ్లే ప్రతిపాదిస్తే అవతలివాళ్లు విషయం చూడకుండానే కాదంటారు. ఎన్నికలకు ముందు ఆరు నెలల్లో వెళ్లకండి. బడ్జెట్ తయారయ్యే ముందు వెళ్లండి.

చేతిలో ఒకే పేజీ ఉండాలి. పైన మీ పీకల లెక్క, మధ్యలో చోట్ల జాబితా, కింద ఆమోదించడానికి సిద్ధంగా ఉన్న తీర్మానం నాలుగు వాక్యాల్లో: ఫలానా చోట్లు ఫలానా తేదీ నుంచి పొగరహితం, బోర్డులు పెట్టాలి, మొదటి ఏడాది జరిమానా లేదు, 12 నెలలకు సమీక్ష. నేను గెలిచిన చోట్లలో రెండింట మా కాగితంలోని వాక్యాలే కామాలతో సహా తీర్మానంలోకి వెళ్లాయి. వాళ్లకు రాసే పని తప్పించారు కాబట్టి సంతోషిస్తారే తప్ప ఏమీ అనుకోరు.

తీర్మానం గెలిచిన రాత్రి మీ బృందం చెదిరిపోతుంది, చూసుకోండి. ఒకచోట మేం అలాగే చేశాం. బోర్డులు గేటు దగ్గర ఒక్కటే పెట్టారు, జనం కూర్చునే గట్టు దగ్గర పెట్టలేదు, ఆరు నెలల్లో దాని మీద ప్రకటనలు అతికించేశారు. సమీక్ష నాటికి చూపించడానికి మా దగ్గర లెక్కలూ లేవు. ఎవరో ఒకరు "పని చేయలేదుగా" అన్నారు, కాదనడానికి మాకు నోరు లేకపోయింది. కాబట్టి మొదటిసారి లెక్కబెట్టిన చోటే, అదే ఆదివారం సాయంత్రం, మూడు నెలలకొకసారి మళ్లీ పీకలు ఏరే బాధ్యత ఇప్పుడే ఇద్దరి పేర్ల మీద రాసుకోండి.

ఈ వారం చేయాల్సింది ఒకటే. పార్కుల అధికారికి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి అరగంట సమయం అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తే, తీర్మానం ముసాయిదా నేను చూసిపెడతాను.